ఇంటి అనుమతి: సంతకం మనది, సాక్ష్యమూ మనదే

ఇల్లు కట్టదలచినవాడు కార్యాలయానికి వెళ్ళి అనుమతి కోసం అర్జీ పెట్టుకోవడం నిన్నటి పద్ధతి. తన స్థలం ఎంత, ఎదుటి దారి వెడల్పు ఎంత, కట్టబోయే గోడల ఎత్తు ఎంత అనే వివరాలను తానే ప్రకటించి, ఆ ప్రకటనకు తానే పూచీపడడం నేటి పద్ధతి. ఈ రెండింటి మధ్యనున్న తేడాను మన కుటుంబాలలో చాలామంది ఇంకా గుర్తించలేదని మాకు తోస్తున్నది. కాగితం పోయి కంప్యూటర్ వచ్చిందని మాత్రమే అనుకుంటున్నారు. నిజానికి మారినది కాగితం ఒక్కటే కాదు, బాధ్యత మోసే భుజం కూడా మారినది. కనుక ఈ నెల ఈ విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

చట్టం ఏమంటున్నది

మన తెలంగాణలో పట్టణ ప్రాంతాల ఇంటి అనుమతుల కోసం 2020లో ఒక చట్టం వచ్చినది. దానిని టీఎస్-బీపాస్ అని పిలిచారు. ఆ ఏడాది నవంబరు 16న ఆ పేరుతో వెబ్‌సైటు ప్రారంభమైనది. రాష్ట్రపు పొట్టి పేరు మారిన తరువాత అదే టీజీ-బీపాస్ అయినది. అంతకు ముందు 2016 నుండే హైదరాబాద్ మహానగరంలో ఆన్‌లైన్ దరఖాస్తులు ఉన్నా, ప్రతి ఫైలూ అధికారుల బల్లలు దాటుకొంటూ రావలసి ఉండేది. కొత్త చట్టం చిన్న ఇళ్ళ విషయంలో ఆ బల్లలనే తీసివేసినది.

చట్టంలోని అంచెలు మూడు. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకొనే ఇంటికి అనుమతే అవసరం లేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలు. ఆపైన 500 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి పత్రం వస్తుంది. అంతకు మించిన కట్టడాలకు ఏక గవాక్ష పద్ధతిలో 21 రోజుల గడువు ఉన్నది. ఆ గడువులోగా అధికారులు ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి లభించినట్లే లెక్క.

ఇందులోని మేలును మేము మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాము. రెండు గదుల ఇల్లు కట్టుకోవడానికి కూలి మానుకొని పదిసార్లు కార్యాలయం మెట్లెక్కిన పేదవాడికి, ప్రతి మెట్టు దగ్గరా చేయి చాచినవాడిని చూసిన పేదవాడికి, ఈ ఒక్క రూపాయి విలువ బాగా తెలుసు. లంచం ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ ఇద్దరూ శాపగ్రస్తులేనని నమ్మే మనకు, లంచానికి సందు మూసివేసే ఏ ఏర్పాటయినా ఆహ్వానించదగినదే.

అయితే తాళం తీసి ఇచ్చినవారు తాళంచెవి కూడా మన చేతిలోనే పెట్టారు. అప్పటికప్పుడు అనుమతి ఇచ్చిన తరువాత అధికారులు 21 రోజులలోగా స్థలానికి వచ్చి సరిచూస్తారు. ప్రకటన అబద్ధమని తేలితే అనుమతి రద్దవుతుంది. అనుమతికి విరుద్ధంగా లేచిన కట్టడాన్ని నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారాన్ని చట్టం వారికి ఇచ్చినది. పూర్వం పొరపాటు జరిగితే, చూసి సంతకం చేసిన అధికారి కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడు మొదటి సంతకం మనది, మొదటి జవాబూ మనదే.

వ్రాసేవాడు వేరు, చెప్పవలసినవాడు వేరు

దివ్య ఖుర్‌ఆన్‌లోని ఆయతులన్నింటిలో అతి దీర్ఘమైనది బఖరా సూరాలోని 282వ ఆయతు. అది నమాజు గురించో ఉపవాసం గురించో చెప్పే ఆయతు కాదు. గడువు పెట్టి చేసుకొనే అప్పు లావాదేవీని ఎలా వ్రాసిపెట్టుకోవాలో చెప్పే ఆయతు. దస్తావేజు గురించి ఇంత వివరంగా బోధించబడిన సమాజం మనది. ఆ ఆయతులోని ఒక సూక్ష్మాన్ని మా విద్యార్థులకు మేము ప్రత్యేకించి చెబుతూ ఉంటాము. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి. అయితే ఏమి వ్రాయాలో చెప్పవలసినది బాధ్యత ఎవరి మీద ఉన్నదో వాడు. వాడు చెప్పలేని స్థితిలో ఉంటే వాడి సంరక్షకుడు న్యాయంగా చెప్పాలి. అంతే తప్ప వ్రాసేవాడే తనకు తోచినది కల్పించి వ్రాయడానికి అక్కడ చోటు లేదు.

ఇక మన ఊళ్ళలో జరుగుతున్నది చూడండి. ఇంటి యజమాని మీసేవ కేంద్రానికో, ఇంటర్నెట్ దుకాణానికో వెళ్తాడు. ఆధార్ కార్డు, రిజిస్ట్రేషను కాగితాల జిరాక్సులు బల్ల మీద పెడతాడు. “నువ్వే నింపు బాబూ, నీకు తెలియనిదేముంది” అంటాడు. ఆ పిల్లవాడు గడులన్నీ నింపుకొంటూ పోతాడు. దారి వెడల్పు గడిలో ఏమి వేయాలో తెలియక, అనుమతి సులభంగా వచ్చే అంకె ఒకటి వేస్తాడు. యజమాని ఫోనుకు ఓటీపీ వస్తుంది. యజమాని దానిని బిగ్గరగా చదివి వినిపిస్తాడు. అంతటితో ప్రకటన పూర్తయినది. దానిని చేసినవాడు చట్టం దృష్టిలో యజమాని. అందులో ఏమున్నదో తెలియనివాడు కూడా ఆ యజమానే!

ఓటీపీ అంటే ఆరు అంకెలని అనుకోకండి. అది వేలిముద్ర, సంతకం, షహాదత్. న్యాయస్థానంలో తెలియని సంగతికి సాక్ష్యం చెప్పమంటే విశ్వాసి వణికిపోతాడు. అటువంటివాడు తెలియని ప్రకటనకు ఓటీపీ ఎలా ఇవ్వగలడు? సులభమైన అంకె వేయించుకోవడమూ, వేస్తుంటే చూస్తూ ఊరుకోవడమూ తూకంలో ఒకటే.

పొరపాట్లన్నీ దురుద్దేశంతో జరుగుతాయని మేము అనడం లేదు. ఒక చిన్న లెక్క చూడండి. మన వాడుక గజాలలో ఉంటుంది, దరఖాస్తు తరచు చదరపు మీటర్లలో అడుగుతుంది. 100 గజాలంటే 83.6 చదరపు మీటర్లు. మీటర్ల గడిలో 100 అని వేస్తే దాదాపు 120 గజాల స్థలం నాదని ప్రకటించినట్లయినది. ఆ అదనపు 20 గజాలు ఎక్కడివి? పొరుగువాడివో, వీధివో అయి ఉండాలి. నోటితో ఎవరూ ఆడని అబద్ధాన్ని వేలు ఆడివేసినది.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇంటి అనుమతి యాజమాన్యపు హక్కుపత్రం కాదు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవారి కోసం 2020లో ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకాన్ని తెచ్చినది. ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరయిన ప్లాట్లకు అది వర్తిస్తుందని అప్పట్లో నిర్ణయించారు. రాష్ట్రమంతటా లక్షల కుటుంబాలు దరఖాస్తు పెట్టుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూశాయి. లేఅవుట్ మంజూరయినదా, స్థలం చెరువు శిఖంలో ఉన్నదా అని కొనేముందు అడగవలసిన ప్రశ్నకు, కొన్న తరువాత ఏ వెబ్‌సైటూ జవాబివ్వలేదు.

జుక్కల్ వంటి ఊళ్ళలో

ఇంతవరకు చెప్పినది ప్రధానంగా పట్టణాల చట్టం. బాన్సువాడ పురపాలక పట్టణం కనుక అక్కడివారికి ఇది నేరుగా వర్తిస్తుంది. జుక్కల్ గ్రామపంచాయతీ. ఇక్కడ ఇంటి అనుమతి పంచాయతీ చేతిలో ఉంటుంది, కార్యదర్శి ద్వారా నడుస్తుంది. దారి వేరయినా కోరే కాగితాలు దాదాపు ఒకటే: స్థలం ఎవరిది, దానికి ఆధారమేది, సరిహద్దులేవి?

చిక్కంతా ఇక్కడే ఉన్నది. జుక్కల్ ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటకల సరిహద్దును ఆనుకొని ఉన్నది. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం వినిపిస్తాయి. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష కనుక తాతల నాటి దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫస్లీలో ఉంటాయి. వాటిని చదివిపెట్టమని మా వద్దకు వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే రమారమి క్రీస్తు శకం వస్తుంది. ఫస్లీ 1340 అంటే 1930-31 ప్రాంతం, నిజాంసాగర్ నిర్మాణం పూర్తవుతున్న రోజులు. అటువంటి కాగితం ఇంట్లో ఉండడం గర్వకారణమే. కానీ దానిలో ఏమున్నదో ఇంట్లో ఒక్కరూ చదవలేకపోతే అది పెట్టెలోని మూగ సాక్షి. చదవగల పెద్దలు బ్రతికి ఉండగానే దాని తెలుగు సారాంశాన్ని వ్రాయించి, సరిహద్దులను నేటి గుర్తులతో పోల్చి పెట్టుకోవాలి. తూర్పున వేపచెట్టు అని వ్రాసి ఉంటే, ఆ చెట్టు ఎక్కడ ఉండేదో చెప్పగల చివరి ముసలాయన వెళ్ళిపోయిన తరువాత ఏ కంప్యూటరూ దానిని చెప్పజాలదు.

ఆబాదీలోని పాత ఇళ్ళకు అసలు దస్తావేజే ఉండదు. ఇంటి పన్ను రసీదులే ఆధారంగా నడుస్తుంటాయి. పన్ను రసీదు నివాసాన్ని సూచించగలదు గాని, దానంతటదే యాజమాన్యాన్ని నిరూపించదు. ఈ తేడా తెలియక రసీదునే హక్కుపత్రమనుకొని ధీమాగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇక పేర్ల చిక్కు మన సమాజానికే ప్రత్యేకమయినది. ఒకే మనిషి దస్తావేజులో ముహమ్మద్, రేషన్ కార్డులో మహ్మద్, ఆధార్‌లో ఎండీ. తల్లి పేరు ఒకచోట బీ, మరొకచోట బేగం. ఇంటి పేరు ఒకచోట పుట్టింటిది, మరొకచోట భర్త పేరు. మనిషి చూస్తే ఇద్దరూ ఒకరేనని పోల్చుకొంటాడు. యంత్రానికి ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇద్దరు మనుషులే. పిల్లల జనన ధ్రువపత్రం నాటి నుండే ఒకే వర్ణక్రమాన్ని పాటించడం ఇప్పుడు ఇంటి పెద్ద చేయవలసిన మొదటి పని.

గడిలో ఇమడని హక్కుదారులు

వీటన్నింటికంటే బరువయిన సంగతి ఒకటున్నది. మన ఇళ్ళలో తండ్రి చనిపోయిన తరువాత ఆస్తి పంపకం వాయిదా పడుతూనే ఉంటుంది. ఇల్లు పాతబడుతుంది. పెద్ద కొడుకు దానిని పడగొట్టి కొత్తగా కట్టాలనుకొంటాడు. దరఖాస్తులో యజమాని పేరు అడిగిన చోట తన పేరు వ్రాస్తాడు. ఎవరూ అడ్డు చెప్పరు. చెల్లెలు అత్తవారింట్లో ఉన్నది, తల్లి వంటింట్లో ఉన్నది.

ఆ స్థలం 200 గజాలనుకొందాం. చనిపోయినవాని తల్లిదండ్రులు అప్పటికే లేరు, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మాత్రమే వారసులు, అప్పులూ వీలునామా ఏవీ లేవనుకొందాం. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 25 గజాలు. మిగిలిన 175 గజాలలో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురుకు ఒక పాలు చొప్పున, ఒక్కొక్క కొడుకుకు 70 గజాలు, కూతురుకు 35 గజాలు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటా. 70 గజాల హక్కుదారుడు 200 గజాలూ నావేనని స్వీయ ధ్రువీకరణ ఇచ్చాడంటే, తల్లివి, తమ్ముడివి, చెల్లెలివి కలిపి 130 గజాలను ఒక్క బటన్ నొక్కి మింగినట్లు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ఏడు భూముల బరువు చుట్టుకొంటుందని మహాప్రవక్త (స) హెచ్చరించిన విషయం మనం మస్జిదులో ఎన్నోసార్లు విన్నాము. 130 గజాలలో జానలెన్నో లెక్క వేసుకోండి.

చెల్లెలు ఇష్టపూర్వకంగా తన వాటాను అన్నకు ఇవ్వవచ్చు. దానికి దారి ఉన్నది. ముందు ఆమె వాటా ఎంతో ఆమెకు చెప్పాలి. అది ఆమెదని అందరూ ఒప్పుకోవాలి. ఆ తరువాత ఆమె ఎవరి ఒత్తిడీ లేకుండా వదులుకొంటే, ఆ హక్కు విడుదలను రిజిస్టరు చేయించాలి. పండుగకు చీర పెట్టి, ముఖం చాటేసి, మౌనాన్ని అంగీకారమని వ్రాసుకోవడం మాత్రం కుదరదు. ఇంటి అనుమతి పుణ్యమా అని ఏళ్ళుగా నానుతున్న పంపకం పూర్తయితే, ఈ డిజిటల్ విధానం మన ఇళ్ళకు చేసిన గొప్ప మేలు అదే అవుతుంది.

ఇందిరమ్మ ఇళ్ళ పథకంలోనూ ఇదే చిక్కు ఎదురవుతున్నది. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమయిన ఈ పథకంలో సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయలు నాలుగు దశలలో ఇస్తామని ప్రభుత్వం ప్రకటించినది: పునాదికి లక్ష, గోడలకు లక్షా 25 వేలు, స్లాబుకు లక్షా 75 వేలు, పూర్తయిన తరువాత లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. మంజూరు ఇంటి ఇల్లాలి పేరున ఉంటుంది. ప్రతి దశలోనూ ఫోను యాప్‌లో ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో ఇల్లు ఉన్న చోటు కూడా నమోదవుతుంది. ఒకచోట మంజూరయిన ఇంటిని మరొకచోట కట్టినా, పక్కవాడి పునాదిని తనదని చూపినా పట్టుబడుతుంది. దేవదూతలు వ్రాసుకొంటున్నారని నమ్మే మనకు ఫోను వ్రాసుకొంటున్నదంటే కొత్తగా భయపడవలసినది లేదు. అయితే ‘సొంత స్థలం’ అన్న మాట దగ్గర మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది: ఎవరి సొంతం?

గోడ అవతలివాడు

ఇంటి చుట్టూ ఖాళీ ఎంత వదలాలన్నది తెలంగాణ పట్టణాలలో 2012 నాటి 168వ నంబరు ఉత్తర్వును అనుసరించి నడుస్తున్నది. స్థల విస్తీర్ణాన్ని, దారి వెడల్పును బట్టి అది మారుతుంది. దీనిని ప్రభుత్వం పెట్టిన అనవసరపు బెడదగా భావించేవారు మనలోనూ ఉన్నారు. వారు మన ఫిఖ్‌హ్ గ్రంథాలను ఒకసారి తిరగవేయాలి. దారి వెడల్పు విషయంలో వివాదం వస్తే ఏడు మూరలు వదలాలని మహాప్రవక్త (స) తీర్పు చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. పద్నాలుగో శతాబ్దంలో ట్యూనిస్ నగరంలో ఇబ్నుర్రామీ అనే మేస్త్రీ ఉండేవాడు. గోడల తగాదాలలో ఖాజీకి నిపుణుడుగా సలహా ఇచ్చేవాడు. ఆ అనుభవంతో కట్టడాల న్యాయం మీద ఒక గ్రంథమే వ్రాశాడు. పొరుగింటి కిటికీ మన పెరట్లోకి తెరుచుకోవచ్చునా, చూరు నీళ్ళు ఎవరి వైపు పడాలి అన్న ప్రశ్నలను మన పండితులు చిన్నవిగా ఎంచలేదు.

నేడు మనకు తీర్పు చెప్పడానికి ఖాజీ, మేస్త్రీ కలిసి రారు. దరఖాస్తులోని ‘వదిలిన ఖాళీ స్థలం’ అనే గడి వస్తుంది. అందులో మీటరు అని వ్రాసి నేల మీద జానెడు వదిలితే, మోసపోయేది కంప్యూటర్ కాదు. గాలి, వెలుతురు కోల్పోయేది పక్కింటి పసివాడు. మంటలు లేచిన రోజున దారి దొరకనిది మన పిల్లలకే.

ప్రభుత్వం చేయవలసినది

ప్రజలు నిజం చెప్పాలని కోరే ప్రభుత్వానికి, వారు నిజం చెప్పగలిగే వీలు కల్పించే బాధ్యత కూడా ఉన్నది. అర్థం కాని భాషలోని ప్రకటనకు సంతకం చేయించుకొని, తరువాత దానినే ఆధారంగా చూపి ఇల్లు కూల్చడం న్యాయం కాదు. ప్రకటన పూర్తి పాఠం ఆ కుటుంబం చదవగల భాషలో, తెలుగులోనూ ఉర్దూలోనూ, సరిహద్దు మండలాలలో మరాఠీ, కన్నడాలలోనూ, ఓటీపీ అడగడానికి ముందే చేతికి అందాలి. తిరస్కరిస్తే కారణం వ్రాతలో ఇవ్వాలి. పేరులో ఒక అక్షరం తేడా వస్తే సరిచేసే అధికారం మండల స్థాయిలోనే ఉండాలి. చదువురాని వితంతువు నేరుగా వచ్చి కూర్చొని అడగగలిగే మనిషి ఒకరు పంచాయతీలో ఉండాలి. తెర ముందు నిలబడలేనివారికి మనిషి ముందు నిలబడే హక్కు పోకూడదు.

ఇంటివారు చేయవలసినది

ఈ నెలలో ఒక శుక్రవారం జుమా తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని కాగితాల పెట్టె తెరవండి. దస్తావేజు, పన్ను రసీదు, ఆధార్ పక్కపక్కన పెట్టి పేర్లు సరిపోల్చండి. తేడా ఉంటే ఇల్లు కట్టే వేళ దాకా ఆగకుండా ఇప్పుడే సరిచేయించండి. టేపు పట్టుకొని స్థలాన్ని మీరే కొలవండి. పిల్లల చేత గజాలలోనూ మీటర్లలోనూ లెక్క వేయించండి. ఎదుటి దారి కూడా కొలవండి. తండ్రి, తాతల ఆస్తి ఇంకా పంచుకోకపోతే అక్కచెల్లెళ్ళను పిలిచి మాట మొదలుపెట్టండి.

దరఖాస్తు నింపే రోజున చదువుకొన్న బిడ్డను వెంట తీసుకువెళ్ళండి. ప్రతి గడినీ చదివించి వినండి. తెలియని చోట ఆపండి. అంతా నింపిన తరువాత ఆ కాపీని ఇంటికి తెచ్చుకొని ఒక రాత్రి ఆలోచించి, మరునాడు ఓటీపీ ఇవ్వండి. కేంద్రంలోని పిల్లవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అతడు వ్రాసేవాడు, చెప్పవలసినది మీరు.

అతడూ మన బిడ్డే కావచ్చు. మీసేవలో, దుకాణాలలో కంప్యూటర్ ముందు కూర్చున్న మా పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. మీ బల్ల దగ్గరకు వచ్చేవారు తమ ఇంటి గుట్టును మీకు అమానత్‌గా అప్పగిస్తున్నారు. తెలియని అంకె వేయకండి. పత్రం చదివి వినిపించకుండా ఓటీపీ అడగకండి. రుసుముకు మించి పుచ్చుకోకండి. న్యాయంగా వ్రాసే లేఖకుడి ప్రస్తావన అల్లాహ్ గ్రంథంలో చోటు చేసుకున్నది. మీ ఉద్యోగం చిన్నదని ఎవరు అనగలరు?

పునాది సరిగా పడిన ఇంటికి గోడలు నిలుస్తాయి. నేటి ఇంటికి పునాది నేల మీద కంటే ముందు దరఖాస్తు మీద పడుతున్నది. అక్కడ మొదటి రాయి నిజమే కావాలి. అటువంటి ఇళ్ళలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించు గాక! ఆమీన్.